రైజోబియం ప్యాకెట్లు ఎండలో పెట్టి అమ్మితే ఎలా?

సంపాదకుడు గారికి,

శనగ విత్తే రోజులు దగ్గర పడ్డాయి. నేల పదునుకొచ్చేలోపే ఈ మాట అధికారుల చెవిన పడాలని రాస్తున్నాను.

నిరుడు పొగాకు మానేసి నాలుగెకరాల్లో మొదటిసారి శనగ వేశాం. శనగ వేళ్లతో జత కట్టే బ్యాక్టీరియా రకం ప్రత్యేకం, మినుముకు పనికొచ్చేది దీనికి పనికిరాదు. అందుకే కొత్త పొలంలో విత్తనానికి రైజోబియం కల్చర్, అంటే ఆ బ్యాక్టీరియా ఉన్న పొడి, పట్టించమంటారు. టౌన్‌లో ఒక షాపులో 200 గ్రాముల ప్యాకెట్లు కొన్నాం. అవి గుమ్మం పక్కన, ఎండ నేరుగా పడే చోట అట్టపెట్టెలో ఉన్నాయి. అప్పుడు అది తట్టలేదు. బెల్లం నీళ్లు కాచి చల్లార్చి, ఆ నల్ల పొడి విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తాం.

నలభై రోజులకు పైరు పాలిపోయింది. నాలుగు మొక్కలు మట్టితో సహా తవ్వి కడిగి చూస్తే వేళ్లకు అక్కడక్కడా చిన్న బుడిపెలు. గోటితో చిదిమితే లోపల తెల్లగా ఉంది. ఏళ్ల తరబడి శనగ వేస్తున్న మా బావగారి చేలో మొక్క తవ్వితే వేరు నిండా బుడిపెలే, చిదిమితే వేలికి ఎర్రగా అంటుకుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ లాంటి పదార్థమే ఆ ఎరుపు. అది ఉంటేనే లోపల పని జరుగుతున్నట్టు. మొక్క ఇచ్చే చక్కెర తిని, బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పెడుతుంది. మాకు ఆ కాపురమే కుదరలేదు. యూరియా ఎక్కువైతే బుడిపెలు ఇంకా తగ్గుతాయని తెలిసి కూడా, పైరును అలా చూడలేక చల్లాం.

ప్యాకెట్‌లో ఉండేది ప్రాణమున్న సరుకు. 2006 నుంచి ఇలాంటి జీవన ఎరువులూ ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల కిందికి వచ్చాయి. పొడి రూపంలోని రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలని నిబంధన. గుమ్మం ఎండలో అన్ని బతుకుతాయా? డీఏపీ ఎరువుకు శాంపిల్ తీసినట్టే వీటికీ తీయాలి, అదీ విత్తనాలు పడకముందే. నీడలో, చల్లగా నిల్వ చేయని షాపుల మీద చర్య తీసుకోవాలి. రైతు సేవా కేంద్రాల్లో గడువు తేదీ చూసి, తాజా కల్చర్ ఈ నెలలోనే అందుబాటులో ఉంచాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాను.

- ఒక శనగ రైతు, ప్రకాశం జిల్లా