దర్శకుడి పేరు చూసి అడ్వాన్సు తీసుకోలేను

మా దగ్గర స్టార్ వార్స్ అంతరిక్ష సినిమాల మోడల్ కిట్లు, పోస్టర్లు, రంగులు కొనేవారందరికీ నమస్కారం. ముందుగా వ్యాపారం మాట చెప్పేస్తాను. 2027 మే 28న విడుదల కావలసిన ‘స్టార్‌ఫైటర్’ సినిమా తాలూకు ఏ వస్తువుకూ మేం అడ్వాన్సు తీసుకోవడం లేదు. కిట్టు పెట్టె మా అల్మారాలోకి వచ్చాకే అమ్మకానికి పెడతాం.

కారణం చెప్పకపోతే మీరే ఒకటి ఊహించుకుంటారు. ఇప్పటికే ఊహించుకున్నారు కూడా. షాన్ లెవీకి దర్శకత్వం అప్పగించడం నచ్చకనే మేం సరుకు తేవడం లేదని కొందరు రాశారు. ఆయన మీద గురి కుదిరి, గుట్టుగా సరుకు పోగేసుకుని, గిరాకీ పెరిగాక ధర పెంచి అమ్ముతామని ఇంకొందరు రాశారు. రెండూ నిజం కాదు. రెండోది నిజం కావడానికి కావలసినంత డబ్బు మా దగ్గర లేదు.

జిగురు, ఉప్పు కాగితం కోసమే వచ్చేవారికి ఈ గొడవ తెలియకపోవచ్చు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ‘స్టార్‌ఫైటర్’ లెవీ చేతికి వచ్చిందని 2025 ఏప్రిల్‌లో జపాన్‌లో జరిగిన అభిమానుల వేడుకలో అధికారికంగా ప్రకటించారు. హీరో రయన్ గాస్లింగ్. లెవీ అనగానే గుర్తొచ్చేవి ‘నైట్ ఎట్ ది మ్యూజియం’, ‘ఫ్రీ గై’, ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’. అంటే హాస్యం, సందడి. గంభీరమైన కథను చమత్కారాల పాలు చేస్తాడని ఒక వర్గం భయం. ఇవి మొదటినుంచీ పిల్లాపెద్దా కలిసి చూసే సినిమాలే కదా, ఆ పని తెలిసినవాడు వస్తే ఏడుపెందుకని రెండో వర్గం ఎదురు ప్రశ్న. పెట్టెను జాగ్రత్తగా చుట్టమనో, సాయంత్రం పూట పంపమనో రాసుకోవడానికి ఆర్డరు పత్రంలో ఒక గడి ఇచ్చాం. ఇప్పుడు ఆ గడిలోకి సినిమా విమర్శ వచ్చి కూర్చుంది. ‘ఫాల్కన్‌ నౌకకు ల్యాండింగ్ గేర్ (దిగేటప్పుడు ఆనే కాళ్లు) ఉన్న కిట్టే పంపండి’ అన్న ముక్క కింద దర్శకుడి జాతకం మొత్తం ఉంటోంది. చదువుతున్నాను. కొన్ని బాగున్నాయి కూడా. కానీ ల్యాండింగ్ గేర్ మాట వాటి మధ్య ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తోంది.

ఇక అడ్వాన్సు సంగతి. ఈ సినిమాల్లో దర్శకుణ్ణి ప్రకటించడానికీ సినిమా రావడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో సరుకు అమ్మేవాళ్లకు బాగా తెలుసు. 2020 డిసెంబరులో ప్యాటీ జెన్‌కిన్స్ దర్శకత్వంలో ‘రోగ్ స్క్వాడ్రన్’ వస్తుందన్నారు. ఆవిడ తండ్రి యుద్ధవిమాన పైలట్. ఆ సంగతి చెబుతూ, పైలట్ దుస్తులు తొడుక్కుని, హెల్మెట్ పట్టుకుని ఎక్స్-వింగ్ అనే అంతరిక్ష యుద్ధవిమానం వైపు నడిచే చిన్న వీడియో కూడా విడుదల చేశారు. సినిమా అంతా ఎక్స్-వింగ్ పైలట్ల కథ అంటే కిట్లు అమ్మేవాళ్లకు అంతకన్నా తీపి కబురు ఏముంటుంది? విడుదల 2023 డిసెంబరు అన్నారు. 2022 సెప్టెంబరులో ఆ సినిమాను విడుదల జాబితాలోంచి తీసేశారు.

అదొక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. రయన్ జాన్సన్‌కు విడిగా మూడు సినిమాలు ఇస్తున్నామని 2017 నవంబరులో ప్రకటించారు. ఒక్కటీ తెర ఎక్కలేదు. డేవిడ్ బెనియాఫ్, డి.బి. వైస్ పేర్లు ఇంకో సినిమాల వరుసకు 2018 ఫిబ్రవరిలో వచ్చాయి. 2019 అక్టోబరులో వాళ్లు తప్పుకున్నారు. స్టార్ వార్స్ తొమ్మిదో భాగం కాలిన్ ట్రెవరో చేతిలో ఉండగా 2017 సెప్టెంబరులో ఆయన వెళ్లిపోయారు, జె.జె. అబ్రమ్స్ వచ్చారు. ‘సోలో’ సినిమా విషయంలో ఇంకా విడ్డూరం. షూటింగు జరుగుతుండగానే ఫిల్ లార్డ్, క్రిస్టఫర్ మిల్లర్‌లను పంపించేసి రాన్ హోవర్డ్‌ను తీసుకొచ్చారు. ఆ నెలల్లో ‘దర్శకుడు లార్డ్, మిల్లర్ కాబట్టి కొంటాం’ అన్నవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకున్న దుకాణదారు ఎవరైనా ఉంటే, ఆయన ఏమని జవాబు చెప్పుకోవాలి?

లెవీ సినిమా ఆగిపోతుందని నేను అనడం లేదు. విడుదల తేదీ ఉంది, షూటింగు జరిగింది. నాకు భరోసా లేనిది సరుకు విషయంలో. ప్లాస్టిక్ కిట్టుకు ఉక్కు అచ్చు చెక్కాలి. దానికి నెలలు పడుతుంది, ఖర్చు కూడా తడిసి మోపెడవుతుంది. అందువల్ల సినిమా పూర్తి కాకముందే, డిజైను బొమ్మలు చూసే, తయారీదారులు అచ్చు పని మొదలుపెట్టాలి. ‘ది ఫోర్స్ అవేకెన్స్’ 2015 డిసెంబరు 18న విడుదలైతే దాని బొమ్మలు సెప్టెంబరు 4నే దుకాణాల్లోకి వచ్చేశాయి. ఏ నౌక కథలో ఎంతసేపు ఉంటుందో, ఏది ఎడిటింగులో ఎగిరిపోతుందో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. పెట్టె మీద రాజసంగా నిలబడ్డ నౌక తెర మీద కన్నుమూసి తెరిచేలోపు పేలిపోతే, ఆ పెట్టెలు మా అల్మారాలో దుమ్ము పట్టి ఉంటాయి.

ఈ అడ్వాన్సుల ఆచారం కొత్తది కాదు లెండి. 1977 మేలో మొదటి సినిమా వచ్చినప్పుడు అంత ఆదరణ ఉంటుందని ఎవరూ అనుకోలేదు. క్రిస్మస్ నాటికి బొమ్మలు తయారు కాలేదు. బొమ్మలు తయారుచేసే కెన్నర్ కంపెనీ ఏం చేసిందంటే, లోపల బొమ్మల్లేని అట్ట కవరొకటి అమ్మింది! అందులో ఉన్న పత్రాన్ని నింపి పంపితే ల్యూక్, లియా, చ్యూబాకా, ఆర్2-డి2 బొమ్మలు మరుసటి ఏడాది ఇంటికి వస్తాయి. వచ్చాయి కూడా, మాట తప్పలేదు. అయితే వాళ్ల వెనక ఫ్యాక్టరీ ఉంది. నా వెనక ఉన్నది బబుల్ చుట్ట, టేపు, అట్టపెట్టెలు.

దర్శకుడు ఎవరైతే ఏమిటి, వ్యాపారికి అంతా ఒకటేగా అని ఒకరు కాస్త పుల్లవిరుపుగా అడిగారు. ఒకటే కాదండీ. 2019 నవంబరులో ‘ది మాండలోరియన్’ ధారావాహిక మొదలైనప్పుడు, మనం ఇప్పుడు గ్రోగూ అని పిలుచుకునే ఆ పసికందు సంగతి ముందుగా బయటపడకూడదని ఆ ధారావాహిక సృష్టికర్త జాన్ ఫావ్రో పట్టుబట్టారు. బొమ్మలు ముందే తయారైతే కేటలాగుల ద్వారా గుట్టు రట్టవుతుంది కాబట్టి వాటిని ఆపించారు. ప్రపంచం మొత్తం ఆ చెవుల బుజ్జిగాడి వెంట పడుతుంటే, పండుగ అమ్మకాల వేళకు దుకాణాల్లో సరైన బొమ్మ లేదు. వ్యాపారిగా నాకు కడుపు మండాలి. మండలేదు. మొదటి భాగం చివర ఆ తొట్టిలోంచి వేలు పైకి లేచినప్పుడు కలిగిన ఆశ్చర్యం, ముందే కేటలాగులో చూసి ఉంటే కలిగేది కాదు. కథ కోసం అమ్మకం వదులుకున్న మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. ఆ తర్వాత ఆ బొమ్మలు ఎలాగూ అమ్ముడుపోయాయనుకోండి.

మీ గమనికల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే వాదన, దర్శకుడు ముందు వీరాభిమాని అయి ఉండాలన్నది. దీనితో నేను ఏకీభవించలేను. ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ తీసిన ఇర్విన్ కెర్ష్‌నర్ అంతకుముందు అంతరిక్ష సినిమా ఒక్కటీ తీయలేదు. జార్జ్ లూకాస్‌కు చదువుకునే రోజుల్లో పాఠం చెప్పిన మనిషి ఆయన. 1980లో ఆ సినిమాకు వచ్చిన స్పందన కూడా మిశ్రమమే. ఇవాళ మాత్రం ఏ ఇద్దరు కలిసినా దాన్నే తలకెత్తుకుంటారు. పక్కింటి స్టార్ ట్రెక్ అంతరిక్ష కథలు చూడండి. 1982లో రెండో సినిమా తీసిన నికొలస్ మేయర్‌కు అప్పటిదాకా ఆ కథలతో పరిచయమే అంతంతమాత్రం. ఆ సిరీస్‌లో ఉత్తమం ఏదంటే నేటికీ ఎక్కువమంది చెప్పేది ఆ సినిమా పేరే. స్టార్ వార్స్ ధారావాహిక ‘యాండర్’ను నడిపించిన టోనీ గిల్‌రాయ్ తనకు స్టార్ వార్స్ మీద ఎప్పుడూ ఆసక్తి లేదని బాహాటంగానే చెప్పారు. దాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లే ఇప్పుడు ‘అభిమాని కావాలి’ అంటుంటే నాకు నవ్వొస్తుంది. ఇక అబ్రమ్స్ అచ్చమైన అభిమాని. 2015లో ఆయన తీసిన ‘ది ఫోర్స్ అవేకెన్స్’కు జనం బ్రహ్మరథం పట్టారు, 2019లో అదే మనిషి తీసిన తొమ్మిదో భాగం దగ్గర అభిమానులు రెండుగా చీలిపోయారు. ఆయన అభిమానం ఆ నాలుగేళ్లలో తరిగిపోయిందా?

అన్నట్టు, జాన్సన్ తీసిన ‘ది లాస్ట్ జెడై’ని తిట్టిపోసేవాళ్లే అందులోని స్కీ స్పీడర్ కిట్టు అడగడం మా దుకాణంలో మామూలే. తెల్లటి ఉప్పు నేల మీద ఆ తుప్పు పట్టిన బళ్లు దూసుకుపోతుంటే అడుగున ఉన్న ఎర్రమట్టి లేచి చారలు పడుతుంది, గుర్తుందా? ఆ ఎరుపు తేవడానికి మావాళ్లు పడే పాట్లు చూడాలి. అడుగు భాగానికి ముందు తెల్లరంగు, అది ఆరాక పొడి రంగును మొండి కుంచెతో వెనక్కి లాగడం, ఎక్కువైతే స్పంజితో అద్ది తీయడం. ఒకాయన దర్శకుణ్ణి రెండు పేరాలు దులిపేసి, కింద ‘ఎరుపు పొడి ఇంకో సీసా పంపండి’ అని రాశారు. పంపాను. ఆయన కోపం నిజం, ఆయన ముచ్చటా నిజమే.

నా అభిప్రాయం దాచడం లేదు. లెవీ హాస్యం గురించి నాకు బెంగ లేదు. మొదటి సినిమా కథానాయకుల్లో ఒకడైన హాన్ సోలో నోటి నిండా ఉన్నది వెటకారమే కదా. నా బెంగంతా నౌకల గురించి. ఈ సినిమాలకూ మన అభిరుచికీ పాత చుట్టరికం ఉంది. లూకాస్ 1975లో స్థాపించిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో మోడళ్లు చేసినవాళ్లు, బజారులో దొరికే ట్యాంకుల, విమానాల కిట్లు కొని, వాటి ముక్కలు నౌకల ఒంటి నిండా అతికించారు. మొదటి సినిమా మొదటి దృశ్యంలో ఆ పెద్ద నౌక కడుపు మన తల మీదుగా సాగుతూనే ఉంటుంది. కెమెరా తొందరపడదు కాబట్టే ప్రతి ముక్కా కళ్లకు ఆనింది. లెవీ గత సినిమాల పతాక సన్నివేశాల్లో తెర నిండా ఎంత హడావుడి ఉంటుందంటే, దేనిమీదా చూపు నిలవదు. అయితే ఆయనే 2011లో ‘రియల్ స్టీల్’ కోసం నిలువెత్తు రోబోలను నిజంగా కట్టించారు. వాటి దగ్గర నిలబడ్డ నటుల మొహాల్లో ఆ తేడా తెలుస్తుంది. ఆ లెవీ వస్తే నేను మొదటి రోజే టికెట్టు కొంటాను. ఏ లెవీ వస్తారో విడుదలయ్యాకే తెలుస్తుంది.

ఇక పనుల సంగతి. ‘స్టార్‌ఫైటర్’ సరుకు వచ్చినప్పుడు కబురు పెట్టమని ఇప్పటికే పేరిచ్చినవారి జాబితా అలాగే ఉంది. దానికి రుసుము లేదు, వచ్చాక వద్దనుకుంటే అనవచ్చు. దర్శకుడు మారారనో, నచ్చలేదనో తెరిచిన కిట్లు వెనక్కి పంపితే తీసుకోలేను. ముక్క విరిగి వచ్చినా, పెట్టెలో తగ్గినా ఫొటో పంపండి, కొత్తది నా ఖర్చుతో పంపుతాను. గమనికల గడిని రెండుగా విడగొట్టాను. పైది ప్యాకింగు కోసం, కిందది మీ ఇష్టం. కిందది రాత్రిపూట తీరిగ్గా చదువుతాను, అప్పుడప్పుడు జవాబు కూడా రాస్తాను. లెవీని గానీ ఇంకెవరిని గానీ కులం, రూపం ఎత్తి తిట్టినవి మాత్రం చించి పారేస్తాను, ఆర్డరు ఆపను.

నీటితో అతికించే గుర్తుల కాగితాలు అయిపోయాయి. ఎక్స్-వింగ్ ఎర్ర చారల కాగితం కావలసినవారు పై గడిలోనే రాయండి. తయారీదారు నుంచి ఒకే కట్ట వస్తోంది, ముందు అడిగినవారికి ముందు ఇస్తాను.