మా ఇంటి గాలి మేం చూసుకుంటాం, మీ భవనాల్లో గాలి మీరు చూడండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఏడాది పొడవునా ముక్కు ఎలర్జీతో వేగుతున్న లక్షలాది మందిలో నేనూ ఒకదాన్ని. కొత్త ఆసుపత్రి కట్టించమనో, మాకోసం పథకం పెట్టమనో అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మీ శాఖ నడిపే భవనాల్లో మేం పీల్చే గాలి గురించి రాస్తున్నాను. దాంతోపాటు మందుల కౌంటర్ దగ్గర జరగాల్సిన ఒకటి రెండు మార్పుల గురించి కూడా.

ముందుగా ఈ జబ్బును జలుబు లెక్కలోంచి తీసేయాలి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. మాది తగ్గదు. పొద్దున మంచం దిగకముందే తుమ్ములు వరసకడతాయి. ముక్కు నీళ్లలా కారుతుంది, అంగిలీ కళ్లూ దురదపెడతాయి. రాత్రయ్యేసరికి అదే ముక్కు దిబ్బడేసి, నోటితో గాలి పీల్చుకోవాల్సి వస్తుంది. జ్వరం ఉండదు కాబట్టి చూసేవాళ్లకు ఇది జబ్బులా కనిపించదు. లోపల జరిగేది వేరు. దుమ్ములోనో పుప్పొడిలోనో ఉండే ప్రోటీన్‌ను శరీరం శత్రువనుకుని ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది. ఆ దుమ్ము మళ్లీ తగిలిన కొద్ది నిమిషాల్లోనే ముక్కు పొరలోని మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను వదులుతాయి. తుమ్ములూ దురదా అప్పుడే మొదలవుతాయి. కొన్ని గంటల తర్వాత వాపు వచ్చి ముక్కు మూసుకుపోతుంది. పగలు ఎక్కడో పీల్చిన దుమ్ముకు రాత్రి నిద్ర పాడయ్యేది అందుకే.

పడిశం పది రోగాల పెట్టు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి నిపుణులు జరిపిన సమావేశం ఫలితంగా 2001లో వచ్చిన ‘ఏరియా’ అనే ముక్కు ఎలర్జీ, ఉబ్బసం మార్గదర్శకాలు ముక్కునూ ఊపిరితిత్తులనూ కలిపి చూడాలని డాక్టర్లకు స్పష్టంగా చెప్పాయి. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి ముక్కు జబ్బు కూడా ఉంటుంది. ముక్కు అదుపులో లేకపోతే ఉబ్బసం కూడా మొండికేస్తుంది. ఇక పిల్లల సంగతి. రాత్రంతా నోటితో గాలి పీల్చి, సరిగ్గా నిద్రపోని పిల్ల మర్నాడు క్లాసులో కునికిపాట్లు పడుతుంటే ‘శ్రద్ధ లేదు’ అని రాసేస్తారు. ఆ మాట వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే ఆ పిల్లకు కావాల్సింది మందలింపు కాదు, వైద్యం.

మాలోనే ఇంకొంత మంది ఉన్నారు, వాళ్ల బాధ ఇంకా ఎవరికీ పట్టదు. చర్మం మీద పొడిచి చేసే ఎలర్జీ పరీక్షలోనూ రక్త పరీక్షలోనూ వాళ్లకు ఏమీ తేలదు. కానీ సెంటు వాసన, సిగరెట్ పొగ, పెయింట్ వాసన, ఉన్నట్టుండి తగిలే చల్లగాలి, వీటిలో ఏది తగిలినా ముక్కు కారడమో బిగుసుకుపోవడమో జరుగుతుంది. ముక్కులోని నరాలు మామూలు కంటే ఎక్కువగా స్పందించడమే కారణం. రిపోర్టు ‘నార్మల్’ అని వచ్చింది కాబట్టి అంతా నీ భ్రమే అని ఇంట్లోవాళ్లూ అంటారు, ఒక్కోసారి డాక్టర్లూ అంటారు. భ్రమ కాదు. ఎలర్జీ ఉన్నవాళ్ల ముక్కు కూడా కొన్నాళ్లకు ఇలాగే తయారై, ఎలర్జీతో సంబంధం లేని ఘాటు వాసనలకు కూడా తిరగబడుతుంది. ఈ రకం బాధకు మామూలు ఎలర్జీ మాత్రలు పెద్దగా పనిచేయవు. ముక్కులో కొట్టే కొన్ని స్ప్రేలతో కొంత ఉపశమనం దొరుకుతుంది గానీ, అసలు వైద్యం ఆ వాసనకు దూరంగా ఉండటమే. దూరంగా ఉండగలమా లేదా అన్నది మాత్రం మేం కూర్చున్న గదిని బట్టి ఉంటుంది.

మా ఇళ్లలో మేం చేయగలిగింది చేస్తూనే ఉన్నాం. కంటికి కనిపించనంత చిన్న డస్ట్ మైట్లు పరుపుల్లో, దిండ్లలో చేరి, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. మాకు పడనిది ప్రధానంగా వాటి విసర్జన. అందుకని దుప్పట్లూ దిండు గలీబులూ వారం వారం 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతాం. పరుపులకు సన్నటి నేత కవర్లు తొడుగుతాం. ఈ మైట్లు గాలిలోని తేమ మీదే ఆధారపడతాయి కాబట్టి గదిలో తేమ 50 శాతం దాటకుండా చూసుకుంటాం. బూజు దులపాల్సి వస్తే మాస్కు కట్టుకుంటాం. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటాం, అదీ కాచి చల్లార్చిన నీళ్లతోనే. కుళాయి నీళ్లు నేరుగా వాడితే చాలా అరుదుగానైనా ప్రాణాంతకమైన అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరే ప్రమాదం ఉంది. ఇవన్నీ రోజువారీ చాకిరీ, అయినా అలవాటైపోయింది. గడప దాటాక మాత్రం మా చేతుల్లో ఏమీ ఉండదు.

ఒక ఆసుపత్రి వెయిటింగ్ హాలు సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఆ ఒక్క ఆసుపత్రి సమస్య కాదు. బెంచీల నిండా రోగులు కూర్చుని ఉన్నారు. ఊపిరితిత్తుల డాక్టర్ గది కూడా అదే వరండాలో ఉంది. సరిగ్గా ఓపీ జోరుగా నడిచే వేళకు ఒకావిడ పొడి చీపురుతో ఆ చివర నుంచి ఊడ్చుకుంటూ వచ్చింది. కాళ్లు పైకి ఎత్తమంటోంది, అందరూ ఎత్తుతున్నారు. కిటికీలోంచి పడుతున్న ఎండలో దుమ్ము లేచి, తిరిగి, బెంచీల మీదే దిగడం స్పష్టంగా కనిపించింది. ఆవిడ అటు వెళ్లగానే గోడ మీది రూమ్ ఫ్రెషనర్ డబ్బా తుస్సుమని వాసన చిమ్మింది. పక్కన ఇన్‌హేలర్ పట్టుకుని కూర్చున్న పెద్దాయన లేచి బయటికి వెళ్లిపోయారు, ఆయన నంబరు పిలిచినప్పుడు అక్కడ లేరు.

ఇందులో ఆ ఊడ్చే ఆవిడ తప్పు ఏమీ లేదు. ఆవిడకు ఇచ్చిందే పొడి చీపురు. నిజానికి ఆ దుమ్మునూ, బాత్రూముల్లో కొట్టే ఘాటు మందులనూ అందరికంటే ఎక్కువ పీల్చేది ఆవిడే. శుభ్రపరిచే పని చేసేవాళ్లకు ఉబ్బసం ముప్పు ఎక్కువని వృత్తి వ్యాధుల మీద పనిచేసే వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. బ్లీచింగ్‌నూ యాసిడ్‌నూ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ ఒక్క ముక్క పనిలో చేరిన రోజునే వాళ్లకు చెప్పాలి. కాబట్టి నేను అడిగేది మాకోసమే అనుకోకండి.

అడిగేది కష్టమైనదేమీ కాదు. ఓపీ తలుపులు తెరవకముందే ఊడ్చే పని అయిపోవాలి, అదీ తడిగుడ్డతో. పొడి చీపురు లోపలి గదుల్లోకి రాకూడదు. రూమ్ ఫ్రెషనర్లు తీసేయండి. అవి గాలిని శుభ్రం చేయవు, దుర్వాసన మీద ఇంకో వాసన కప్పుతాయి. పెయింట్లూ వార్నిష్‌లూ సెలవు రోజుల్లో వేయించి, వాసన పోయేదాకా కిటికీలు తీసి ఉంచండి. గోడ చెమ్మబట్టి బూజు పట్టిన చోట సున్నం కొట్టేసి సరిపెట్టకుండా నీళ్లు కారుతున్న చోటు వెతికి బాగుచేయించండి. ఏసీ ఫిల్టర్లు కడిగిన తేదీ దాని మీదే రాసి ఉండాలి. బయటి గాలి మీ ఒక్కరి చేతిలో లేదని నాకు తెలుసు. పీఎం 2.5 అనే అతి సన్నటి ధూళి ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది, అక్కడికి చేరడానికి ఎన్నో శాఖలు కలిసి రావాలి. వెయిటింగ్ హాలుకు అలా కాదు, మీ సంతకం ఒక్కటి చాలు.

ఇక మందుల కౌంటర్. ముక్కు బాధ అనగానే చాలాచోట్ల చేతిలో పెట్టేది క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాత మాత్ర. దానికి మగత వస్తుంది, ఆ మత్తు మర్నాటి దాకా వదలకపోవచ్చు. బండి నడిపే మనిషికీ, పరీక్ష రాసే పిల్లలకూ అది ఇవ్వడం ఎంతవరకు సబబు? మగత తక్కువగా ఉండే లోరటడిన్, సెట్రిజిన్ వచ్చి దశాబ్దాలైంది. రోజూ ఇబ్బంది పడేవాళ్లకు అన్నిటికంటే బాగా పనిచేసేది ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో బుడెసొనైడ్ ముక్కు స్ప్రే ఉంది. మన కౌంటర్లలో కూడా అది ఎప్పుడూ ఉండేలా చూడండి.

ఇచ్చి పంపేస్తే సరిపోదు, ఎలా వాడాలో చూపించేవాళ్లు ఉండాలి. నేను చూసినంతలో చాలామంది తల వెనక్కి వాల్చి, గట్టిగా పీల్చి, మందంతా గొంతులోకి పోగొట్టుకుంటున్నారు. తల కొంచెం ముందుకు వంచాలి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టుకోవాలి. అప్పుడు మందు మధ్య గోడకు కాకుండా, కంటి బయటి కొస వైపు పోతుంది. మధ్య గోడకు తగులుతుంటే రక్తం పడుతుంది, దాంతో భయపడి మానేస్తారు. స్ప్రే కొట్టాక పువ్వు వాసన చూసినంత మెల్లగా పీలిస్తే చాలు. పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాలు కూడా పట్టవచ్చని ముందే చెప్పకపోతే మూడో రోజుకే డబ్బా మూలకు చేరుతుంది. స్టెరాయిడ్ అన్న పేరు వింటేనే జనానికి టెన్షన్. సరైన మోతాదులో వాడితే రక్తంలోకి చేరేది చాలా తక్కువని ఒక నర్సు నిదానంగా చెబితే ఆ భయం సగం పోతుంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది జైలోమెటజొలిన్, ఆక్సీమెటజొలిన్ చుక్కలు ఏ హెచ్చరికా లేకుండా చేతులు మారడం. వేసిన నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, అందుకే మళ్లీ మళ్లీ వేస్తారు. వరసగా ఐదు రోజులు మించి వాడితే మందు దిగగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోవడం మొదలై, చుక్కలు లేనిదే ఊపిరి ఆడని పరిస్థితి వస్తుంది. డబ్బా మీద ‘ఐదు రోజులకు మించి వాడకండి’ అని తెలుగులో, దూరం నుంచి కూడా చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మంత్రి గారూ, ఒక్క ఆసుపత్రితో మొదలుపెట్టండి, చాలు. తడిగుడ్డ, ఫ్రెషనర్ల నిషేధం, స్ప్రే వాడకం చూపించే ఒక నర్సు. ఆ ఉత్తర్వు ప్రతిని వెయిటింగ్ హాలు గోడకు అంటించమనండి. ఓపీ వేళ ఎవరైనా పొడి చీపురు పట్టుకొస్తే, గొడవపడకుండా ఆ ఉత్తర్వును చూపించి అడిగే వీలు మాకు ఉంటుంది.

ఇట్లు,
ముక్కు ఎలర్జీతో బతుకుతున్న ఒక పౌరురాలు