2024–25 వార్షిక నివేదిక: మన అమ్మాయిల హాకీ జట్టుకు దొరికిన గ్రౌండ్

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ఈ నివేదికలో పది పనులు చెప్పి, ఒక్కోదానికి నాలుగు మాటలు రాయడం మన అలవాటు. ఈసారి అలా రాయలేకపోతున్నాను. పూర్వ విద్యార్థుల సంఘం ఈ ఏడాది పెట్టిన సమయంలో మూడొంతులు ఒక్క పనికే పోయింది. మన కాలేజీలో కొత్తగా మొదలైన అమ్మాయిల హాకీ జట్టుకు, ఇది మాది అనుకుని ఆడుకునే గ్రౌండ్ వెతకడమే ఆ పని. అందుకే నివేదికలోనూ మూడొంతులు దానికే ఇస్తున్నాను.

మిగతావి ముందు చెప్పేస్తాను. ఫీజు సాయం ఎప్పటిలాగే జూన్, జులై నెలల్లో అందింది. రక్తదాన శిబిరం జరిగింది. సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, గుంటూరులో ఉన్న మన సభ్యులు రాత్రంతా పులిహోర కలిపి పొట్లాలు కట్టి, పాలపొడి, నీళ్ల సీసాలతో కలిపి పంపారు. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలిన రోజులవి. ఆ మూడు రోజులూ నిద్రలేకుండా పనిచేసిన వాళ్లు తమ పేర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. వాళ్లకు సంఘం తరఫున దండం పెడుతున్నాను.

ఇక హాకీ సంగతి.

పోయిన ఏడాది ఆటల దినోత్సవం అయ్యాక మన పీడీ మేడమ్ (కాలేజీలో ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్) నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. హాకీ నేర్చుకోవాలనుకునే అమ్మాయిలు పేర్లు ఇవ్వొచ్చని. 23 మంది ఇచ్చారు. వాళ్లలో హాకీ స్టిక్ చేత్తో పట్టుకున్నవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లంతా కబడ్డీ, ఖోఖో, సాఫ్ట్‌బాల్ ఆడినవాళ్లు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన అమ్మాయిలు నాలుగో స్థానంలో నిలిచిన మ్యాచ్ ఇంట్లో టీవీలో చూశామని చాలామంది చెప్పారు. భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన రజని ఎతిమరపు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచే వెళ్లిందన్న సంగతి కూడా వాళ్లకు తెలుసు. కొన్నాళ్లకు 18 మంది నిలబడ్డారు. స్టిక్కులు, బంతులు, గోల్‌కీపర్ ప్యాడ్లు, హెల్మెట్ సంఘం కొనిచ్చింది. అక్కడిదాకా పని సులువుగానే సాగింది.

గ్రౌండ్ దగ్గరే ఆగిపోయాం. హాకీ మైదానం 91.40 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. గీత దాటి పరిగెత్తినవాళ్లు గోడకో రాయికో తగలకుండా చుట్టూ వదలాల్సిన జాగా కలుపుకుంటే ఇంచుమించు 101 మీటర్లు, 63 మీటర్లు కావాలి. మన కాలేజీ వెనక స్థలాన్ని టేపు పెట్టి కొలిస్తే పొడవు సరిపోయింది, వెడల్పు 46 దగ్గర ఆగిపోయింది. అటు హాస్టల్ గోడ, ఇటు సైకిల్ స్టాండు. ప్రాక్టీసుకు సరిపెట్టుకోవచ్చు, ఇంకో కాలేజీని పిలిచి మ్యాచ్ ఆడించలేం.

కమిటీలో అందరి నోటా మొదట వచ్చిన పేరు బ్రహ్మానందరెడ్డి స్టేడియం, ఆ తర్వాత ఎన్టీఆర్ స్టేడియం. మన జట్టు స్టేడియంలో ఆడితే పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది, తల్లిదండ్రులు గ్యాలరీలో కూర్చుని చూస్తారు అన్న సభ్యుల మాటలో న్యాయం ఉంది. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ నగర స్టేడియం నగరమంతటిదీ. పొద్దున నడకకు వచ్చేవాళ్లు, అథ్లెటిక్స్ పిల్లలు, పోటీలు, సభలు, అందరికీ అందులో వాటా ఉంది, ఉండాలి కూడా. ఏడాదికి రెండు మ్యాచ్‌లకు అడిగితే దొరుకుతుంది. ఇప్పుడిప్పుడే స్టిక్ పట్టడం నేర్చుకుంటున్న పిల్లలకు కావాల్సింది వారానికి ఐదు రోజులు, రోజూ అదే వేళకు, అదే నేల. బంతి ఎక్కడ ఎలా దొర్లుతుందో కాళ్లకు తెలిసిపోవాలి. అది రోజూ ఆడితేనే వస్తుంది.

బైపాస్ దగ్గర అద్దెకిచ్చే టర్ఫ్‌లు, అంటే కృత్రిమ గడ్డి వేసిన గ్రౌండ్లు కూడా చూశాం. కుర్రాళ్లు రాత్రి పూట క్రికెట్, ఫుట్‌బాల్ ఆడుకునేవి. లైట్లున్నాయి, వల ఉంది, పచ్చగా చూడముచ్చటగా ఉన్నాయి. కానీ అది ఫుట్‌బాల్‌కు వేసిన పొడుగు గడ్డి. హాకీ బంతి 160 గ్రాములు అటూ ఇటూ ఉండే గట్టి బంతి. దానికి పొట్టిగా, ఒత్తుగా ఉండే వేరే రకం గడ్డి వేస్తారు. ఈ టర్ఫ్ మీద పాస్ కొడితే బంతి పది గజాలు పోయి గడ్డిలో చతికిలబడింది. పైగా ఆ స్థలం హాకీ మైదానంలో పావు వంతు కూడా లేదు.

అసలు హాకీ టర్ఫే వేయిద్దాం, పెద్ద సభ్యులు తలా ఒక చెయ్యి వేస్తే కాదా అని గత సర్వసభ్య సమావేశంలో అడిగారు. దీని గురించి తెలుసుకున్నాను. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ గడ్డి మీద హాకీ ఆడించారు. అప్పటికి ఏడు స్వర్ణాలు గెలిచిన మన దేశం ఆ ఏడాది ఏడో స్థానానికి పడిపోయింది. మామూలు గడ్డి, మట్టి నేలల మీద ఆడిన చేతులకు ఆ వేగం అందలేదు. కాబట్టి పైస్థాయికి వెళ్లాలంటే టర్ఫ్ తప్పదు. అయితే అది కోట్ల ఖర్చు. వేసినా పదేళ్లకు అటూ ఇటూగా మార్చాలి. నీళ్లు చల్లి ఆడే రకమైతే ప్రతి మ్యాచ్‌కు ముందు వేల లీటర్లు కావాలి. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే కాలనీలున్న ఊళ్లో ఆ నీళ్లు అడగడానికి నాకు మనసొప్పలేదు. మంచి టర్ఫ్ కాకినాడలో ఉంది. 2023లో సీనియర్ మహిళల జాతీయ పోటీలు అక్కడే జరిగాయి. ఏడాదికి ఒకసారి మన పిల్లల్ని పది రోజులు అక్కడికి తీసుకెళ్లి ఆడించడం మన స్తోమతకు తగిన పని. రోజూ ఆడటానికి మట్టి గ్రౌండే, కానీ మంచి మట్టి గ్రౌండ్. కమిటీ చివరికి ఈ మాట మీదే నిలబడింది.

మంచి మట్టి అంటే ఏమిటో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. మనది నల్లరేగడి. పత్తికి, మిర్చికి బంగారం లాంటి నేల. ఆటకు మాత్రం పనికిరాదు. వానకు ఉబ్బి బూట్లకు కిలో చొప్పున అంటుకుంటుంది, ఎండకు చెయ్యి పట్టేంత పగుళ్లిస్తుంది. ఆగస్టులో చూసిన రెండు స్థలాలు ఈ కారణంగానే వదిలేశాం. మూడో స్థలం మిర్చి యార్డుకు దగ్గర. నేల బాగుంది, కానీ ఫిబ్రవరి నుంచి మే దాకా సీజన్లో ఆ ఘాటుకు నిలబడి మాట్లాడటమే కష్టం, పరిగెత్తేవాళ్ల సంగతి చెప్పాలా?

నాలుగో చోట జరిగింది సభ్యులకు దాచకుండా చెప్పాలి. చూడటానికి బాగానే ఉందని ఒక స్థలంలో వారం రోజులు ప్రాక్టీసు పెట్టాం. నేల సరిగ్గా పరీక్షించలేదు, ఆ తప్పు కార్యదర్శిగా నాదే. ఐదో రోజు సాయంత్రం ఒక పాస్ కంకర రాయికి తగిలి లేచి, రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి కనుబొమ మీద తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. కంటికి ఏమీ కాలేదు. మరో అంగుళం కిందికి తగిలుంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి నాన్నగారు తెనాలి వైపు నుంచి బస్సులో వచ్చారు. వరి రైతు. పిల్లను ఆట మాన్పించడానికే వచ్చారనుకున్నాను. ఏం చెప్పాలో తోచక టీ తెప్పించాను. ఆయన ప్రాక్టీసు జరిగిన చోటు చూపించమన్నారు. చెప్పులు విడిచి ఆ నేల మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచారు. తిరిగొచ్చి, "మడి చదును చేయకుండా నాట్లెవరైనా వేస్తారా అండీ?" అన్నారు. అంతే అన్నారు. నాకు మాట రాలేదు.

ఆ రోజు నుంచి వెతికే పద్ధతి మారింది. గ్యాలరీ ఉందా, ఊళ్లో పేరున్న చోటా అన్నవి పక్కనపెట్టాం. రైల్వేలో హాకీ ఆడి రిటైరైన మన సీనియర్ సభ్యుడు, మేమంతా మాస్టారూ అని పిలిచే పెద్దాయన, ప్రతి స్థలానికీ వెంట వచ్చారు. ఆయన పరీక్ష ఒకటే. గోల్ ఉండబోయే చోట నిలబడి బంతిని నేలబారుగా నెట్టడం, అది ఎక్కడ వంకర తిరిగిందో అక్కడ ఒక పుల్ల గుచ్చడం. ఇరవై సార్లు నెడతారు. పుల్లలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూస్తే గ్రౌండ్ జబ్బు తెలిసిపోయేది. రెండో పరీక్ష పొద్దు వాలే వేళ. గోల్‌పోస్టులు తూర్పు పడమరలుగా పెడితే సాయంత్రం గోల్‌కీపర్ కళ్లల్లో ఎండ పడుతుంది. అందుకని ఉత్తర దక్షిణాలుగా పొడవు రావాలి. మూడోది మేడమ్ పెట్టిన షరతు. తలుపు గడియ పడే బాత్రూం, బట్టలు మార్చుకునే గది, చీకటి పడకముందే ఇంటికి చేరే దారి. ఈ మూడోది లేదని రెండు మంచి నేలలు వదులుకున్నాం. అది సరైన పనే అని నా నమ్మకం.

చివరికి దొరికింది నల్లపాడు వైపు ఒక ఉన్నత పాఠశాల గ్రౌండ్. ఎప్పుడో గ్రావెల్ పోసి తొక్కించిన నేల, గట్టిగా ఉంది. పొడవు ఉత్తర దక్షిణాలే. చుట్టూ వేపచెట్లు, ఒక బోరు, రెండు గదులు. షేర్ ఆటో గేటు దగ్గరే ఆగుతుంది. హెడ్మిస్ట్రెస్ గారు ఒక్కటే అడిగారు. "మా పిల్లలకేం వస్తుందండీ?" న్యాయమైన ప్రశ్న. గ్రౌండ్ మేం చదును చేయిస్తాం, నిర్వహణ మాది, మీ బడి అమ్మాయిలు వారానికి రెండు రోజులు మా వాళ్లతో కలిసి నేర్చుకుంటారు, పది స్టిక్కులు మీ బడికే ఉంటాయి అని రాసిచ్చాం. బడి యాజమాన్యం మూడేళ్లకు ఒప్పుకుంది.

పని అక్టోబరు చివర్లో మొదలైంది. మేస్త్రి నీళ్ల గొట్టంతో మట్టం చూసి, మూల నుంచి మూలకు దారాలు కట్టారు. ఈశాన్య మూల తొమ్మిది అంగుళాలు పల్లం తేలింది. పిల్లలు అప్పటిదాకా అక్కడ వాన నీటి గుంటలో కాగితం పడవలు వదిలేవారట. 14 ట్రాక్టరు లోడ్ల గ్రావెల్ పోసి, ఒక వరస పరచడం, తడపడం, రోలర్ తొక్కించడం, మళ్లీ ఇంకో వరస. ఇక్కడ తొందరపడి ఒకేసారి పోస్తే మొదటి వానకే కుంగుతుంది. పైన జల్లెడ పట్టిన ఎర్రమట్టి. మధ్యలో కొద్దిగా ఎత్తు, రెండు పక్కలకూ కంటికి ఆననంత వాలు, నీళ్లు జారిపోవడానికి. ట్రాక్టరుకు బ్లేడు కట్టించుకుని వచ్చి రెండు రోజులు చదును చేసింది ఎవరో కాదు, ఆ తెనాలి వైపు రైతే. డీజిల్ డబ్బులు కూడా బలవంతం చేస్తే తీసుకున్నారు. కుట్లు పడిన అమ్మాయి మొదటి రోజు నుంచీ రాళ్లు ఏరే వాళ్లలో ఉంది. 18 మందీ చేతిలో గోనెసంచి పట్టుకుని, భుజం భుజం కలిపి వరసగా నిలబడి, మడిలో కలుపు తీసినట్టు ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగుసార్లు ఏరారు.

గోల్‌పోస్టులు మన ఊరి వెల్డింగ్ షాపులోనే చేయించాం, కొలత ప్రకారం 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు. గోల్ ముందు అరచందమామలా వచ్చే 'డీ' గీతకు 14.63 మీటర్ల తాడు కట్టి, మేకు చుట్టూ తిప్పుతూ ముగ్గు పోసినట్టు సున్నం పోశారు. ఈ పని మన అమ్మాయిలకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

డిసెంబరులో ఐదూ నలభైకల్లా పొద్దు గుంకుతుంది కాబట్టి చలికాలం ప్రాక్టీసు పొద్దున ఆరింటికి మార్చాం. సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి మ్యాచ్ జరిగింది. పొరుగు జిల్లా కాలేజీ జట్టు వచ్చింది. గ్యాలరీ లేదు, వేపచెట్ల కింద బడి బెంచీలు వేశాం. ఇంటింటి నుంచీ అమ్మలు, నాన్నలు, తాతలు వచ్చారు. మూడో క్వార్టర్‌లో మన వాళ్లకు పెనాల్టీ కార్నర్ వచ్చింది, అంటే గోల్ పక్క గీత మీద నుంచి ఒకరు బంతి తోస్తే, 'డీ' అంచున ఇంకొకరు ఆపి, గోల్‌కు కొట్టే అవకాశం. గీత మీద నుంచి తోసిన బంతి ఆ కొత్త మట్టి మీద ఎక్కడా ఎగరకుండా, గీత గీసినట్టు వచ్చింది. ఆపిన అమ్మాయికి స్టిక్ సర్దుకునే అవసరం కూడా రాలేదు. గోల్ పడింది. మ్యాచ్ 1–1తో ముగిసింది. మాస్టారు గోల్ సంగతి మాట్లాడలేదు, ఆ బంతి వచ్చిన దారి దగ్గరకు వెళ్లి వంగి నేలను చేత్తో తడిమి చూశారు.

లెక్కల పత్రం ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం. గ్రావెల్, రోలర్ అద్దె, గోల్‌పోస్టుల బిల్లులు సభ్యులెవరైనా వచ్చి చూసుకోవచ్చు.

వచ్చే ఏడాదికి మిగిలిన పనులు ఇవి. గోల్ వెనక బంతి రోడ్డు మీదకు పోకుండా ఎత్తైన వల కావాలి, ఇది వెంటనే చేయాలి. బోరు మోటారు పాతది, రోజూ దుమ్ము అణచడానికి నీళ్లు చల్లితే తట్టుకోవడం లేదు. మోటార్ల వ్యాపారంలో ఉన్న సభ్యులు ఒకసారి వచ్చి చూడగలరు. వానాకాలం ముందు మే నెలలో మళ్లీ దారాలు కట్టి మట్టం చూడాలి, పల్లపు మూల ఎంత కుంగిందో అప్పుడు తెలుస్తుంది. కాకినాడ ప్రయాణానికి రైలు టికెట్లు ముందే తీయాలి కాబట్టి విరాళం ఇవ్వదలచినవాళ్లు సర్వసభ్య సమావేశం నాటికి కోశాధికారికి చెప్పండి.

ఆదివారాలు పొద్దున ఏడింటికల్లా గ్రౌండ్‌లో ఎవరో ఒకరం ఉంటున్నాం. సున్నం పోయడానికి, రోలర్ లాగడానికి మనుషులు ఎప్పుడూ తక్కువే. వీలైనవాళ్లు రండి.

మీ
కార్యదర్శి
పూర్వ విద్యార్థుల సంఘం, గుంటూరు