ఆ ప్రకటనలో రాయని సంగతులు

ఎడిటర్ గారికి, నమస్కారం.

మీ పేపర్లో ఆదివారం లోపలి పేజీలో, కింద మూలన, ఒక ప్రకటన వస్తూ ఉంటుంది. మగవారిలో రొమ్ముల పెరుగుదలా, ఒక్క గంటలో సర్జరీ, మచ్చ పడదు, అదే రోజు ఇంటికి అని. పక్కన కండలు తిరిగిన ఒకాయన ఫొటో. ఆ ముక్క కత్తిరించి మా అక్క కొడుకు లెక్కల నోట్‌బుక్‌లో దాచుకున్నాడు. వాడికి 14 ఏళ్లు. అక్క అది చూసి నాకు ఫోన్ చేసింది, ఎందుకంటే మా ఇంట్లో ఆ బాధ పడ్డవాణ్ని నేనే.

అవును, 32వ ఏట నేను ఆ ఆపరేషన్ చేయించుకున్నాను, కాబట్టి అది వద్దని చెప్పడానికి రాస్తున్న ఉత్తరం కాదు ఇది. ఎండాకాలంలో కూడా చొక్కా కింద రెండు బనియన్లు వేసుకుని, బ్యాగు ఎప్పుడూ ముందుకే పట్టుకుని, భుజాలు వంచీ వంచీ చివరికి నడకే అలా అయిపోయిన మనిషిని. జిమ్‌కి వెళ్లు, తగ్గుతాయి అని చెప్పనివాడు లేడు. మూడేళ్లు వెళ్లాను. పొట్ట తగ్గింది, ఇది తగ్గలేదు సరికదా పొట్ట పోయాక ఇంకా బాగా కనిపించింది. ఉత్త కొవ్వయితే బరువు తగ్గితే తగ్గుతుంది, నాది చనుమొన వెనక చేతికి గట్టిగా తగిలే గ్రంథి, దాన్నే గైనకోమాస్టియా అంటారు. అది ఎన్ని బరువులెత్తినా కరగదు, ఏడాది దాటి గట్టిపడ్డాక మందులక్కూడా పెద్దగా లొంగదు. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ మూడేళ్లూ నన్ను నేను తిట్టుకునేవాణ్ని కాదు.

కానీ 14 ఏళ్ల పిల్లాడి సంగతి వేరు. ఆ వయసులో హార్మోన్లు ఇంకా సర్దుకోవు, ఆడ హార్మోన్ ప్రభావం మగ హార్మోన్‌ని మించి కొన్నాళ్లు పైచేయిగా ఉంటుంది, దాంతో చాలామంది అబ్బాయిలకి ఛాతీ కాస్త ఉబ్బుతుంది, ముట్టుకుంటే నొప్పిగా కూడా ఉంటుంది. ఎక్కువమందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. అందుకే మరీ ఎక్కువగా ఉంటే తప్ప ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగమంటారు. ప్రకటనలో ఆ మాట లేదు, ఉంటే సగం మంది ఫోన్ చేయరు కదా.

వాణ్ని తీసుకుని ముందు ఒక క్లినిక్‌కి వెళ్లాం. డాక్టరు గారు చొక్కా ఎత్తించి చూశారు, రెండు నిమిషాలు కూడా పట్టలేదు, డేట్ ఇచ్చేశారు. ఏమైనా మందులు వాడుతున్నావా అని కూడా అడగలేదు! తర్వాత హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అరగంట కూర్చోబెట్టారు. వృషణాలు కూడా పరీక్షించారు (వాడు సిగ్గుతో చచ్చిపోయాడు పాపం), ఎందుకంటే అరుదుగా అక్కడి కణితి వల్ల కూడా ఇలా వస్తుందట. లివర్, కిడ్నీ, థైరాయిడ్, టెస్టోస్టెరాన్, ప్రొలాక్టిన్ రక్తపరీక్షలు రాశారు. ఇంకో సంగతి కూడా చెప్పారు, కండల కోసం జిమ్‌లో తీసుకునే స్టెరాయిడ్ల వల్లా, గుండెకీ కాలేయానికీ ఇచ్చే స్పైరోనోలాక్టోన్ వల్లా, ప్రోస్టేట్‌కీ జుట్టుకీ వాడే ఫినాస్టెరైడ్ వల్లా ఇది రావచ్చు, కారణం అలాగే ఉంచి కోస్తే మళ్లీ పెరగొచ్చు అని. మావాడికి అన్నీ నార్మలే వచ్చాయి. ఆరు నెలలు ఆగి రమ్మన్నారు.

ఇక మచ్చ పడదు అన్న మాట. నా ఛాతీ మీద ఉన్నదాన్ని మరి ఏమనాలి? చనుమొన చుట్టూ నల్లటి భాగం అంచున సగం చుట్టు కోసి గ్రంథిని తీస్తారు, సన్నటి గొట్టంతో చుట్టూ కొవ్వు లాగేస్తారు. మంచి సర్జన్ అయితే కోత అంచులో కలిసిపోతుంది, చూసేవాళ్లకి తెలియదు, అంతేగానీ లేకుండా పోదు. చర్మం బాగా సాగి ఉంటే ఇంకా పెద్ద కోతలే. గ్రంథి మొత్తం తోడేస్తే చనుమొన గుంటలా లోపలికి పోతుంది, అందుకని కింద కొంచెం ఉంచుతారు, ఎంత ఉంచాలన్నది చేయి తిరిగిన వాళ్లకే తెలుస్తుంది. లోపల రక్తం, నీరు చేరడం, రెండు వైపులా సమానంగా రాకపోవడం ఇవన్నీ ఉన్నాయి. బిగుతు జాకెట్ నేను ఐదు వారాలు వేసుకున్నాను, నిద్రలో కూడా. ఎడమవైపు ఇప్పటికీ సరిగ్గా స్పర్శ లేదు. అయినా మళ్లీ చేయించుకోమంటే చేయించుకుంటాను, మొదటిసారి ఒక్క చొక్కాతో బయటికి వెళ్లిన రోజు నాకింకా గుర్తుంది.

ఆ ప్రకటనకి అక్కర్లేని వాళ్లు ఇంకొకరున్నారు, పెద్దవాళ్లు. ఒకవైపే గట్టి గడ్డలా తగిలినా, చనుమొన లోపలికి లాక్కున్నా, రక్తం కారినా అది వేరే జబ్బు కావచ్చు, రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్లదే. సిగ్గుపడి చొక్కా విప్పకుండా కూర్చుంటే అది ముదురుతుంది.

మీరు ప్రకటనలు ఆపేయాలని అడగను, పేపర్ నడవాలి కదా. మచ్చ పడదు లాంటి మాటలు మాత్రం వేసేముందు ఎవరైనా డాక్టరుకి చూపించండి. ఆరోగ్యం పేజీలో ఆడవాళ్ల రొమ్ము సమస్యల మీద మంచి వ్యాసాలు వేస్తారు, అదే పేజీలో అబ్బాయిల కోసం ఒక్కసారి, ఇది రోగం కాకపోవచ్చు, ఎన్నాళ్లు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు అని రాయించండి. బడిలో ఆటల సార్లు కూడా చదువుతారు, చొక్కాలు తీసి రెండు టీములు చేయడం మానేస్తారేమో.

నా పేరు వేయకండి. నాకేం ఇబ్బంది లేదు, మా మేనల్లుడి క్లాసులో వాళ్ల ఇళ్లకి కూడా మీ పేపరే వస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు