చిన్న గ్రానైట్ యూనిట్లకూ సేఫ్టీ ఆఫీసర్ కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను కృష్ణపట్నం వైపు ఒక పెద్ద సంస్థలో సేఫ్టీ ఆఫీసర్‌ని. సొంతూరు చీమకుర్తి పక్కనే. సెలవుకి ఇంటికొచ్చినా కళ్లు ఊరుకోవు. దారిలో ఏ గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ గేటు తెరిచి ఉన్నా లోపలికి చూస్తాను.

మా దగ్గర క్రేన్ లేపాలంటే పర్మిట్ ఉండాలి, పైకెక్కాలంటే బెల్టు ఉండాలి. ఇక్కడ స్లాబును లారీకెక్కించేటప్పుడు అది ఒరిగే వైపే మనిషి నిలబడి చేత్తో ఆపుతుంటాడు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ స్లాబు సుమారు 300 కిలోలు తూగుతుంది. ఒరిగిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు, పక్కకు తప్పుకోవాల్సిందే. తప్పుకుందామంటే వెనక ఇంకో స్టాండు నిండా స్లాబులే. ప్రమాదం జరిగాక మాత్రం 'వాడి అజాగ్రత్త' అనేస్తారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. కాలు తీసి పెట్టుకునే చోటు లేనప్పుడు జాగ్రత్త ఎక్కడి నుంచి వస్తుంది? పైగా పనివాళ్లలో చాలామంది ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు. గోడ మీద తెలుగులో రాసిన హెచ్చరిక వాళ్లకు ఎవరు చదివి చెప్పాలి?

దుమ్ము సంగతి వేరు. మన గెలాక్సీ నల్లరాయిలో క్వార్ట్జ్, అంటే సిలికా ఖనిజం, తక్కువే. కానీ బయటి నుంచి వచ్చే రంగు గ్రానైట్లలో అది ఎక్కువ. అంచులు సరిచేసేవాళ్లు నీళ్లు పెట్టకుండా గ్రైండర్ తిప్పితే ఆ సన్నటి ధూళి మూతికి కట్టుకున్న తువ్వాలుకు ఆగదు. ఆ ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్. అది వచ్చాక నయం చేసే మందు లేదు. గ్రైండర్‌కి నీటి పైపు బిగించడం ఎంత ఖర్చని?

ఇవన్నీ రోజూ చూసి చెప్పే మనిషి అక్కడ ఉండడు, ఉండాలని చట్టమూ అడగదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి కావాలంటే మామూలుగా 1000 మంది కార్మికులుండాల్సి వచ్చేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా చట్టం (వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్) దాన్ని 500కి, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250కి, గనుల్లో 100కి తగ్గించింది. మంచిదే. అయితే ముప్పై నలభై మందితో నడిచే మన యూనిట్లు అప్పుడూ లెక్కలో లేవు, ఇప్పుడూ లేవు.

ఒక్కో యూనిట్ ఒక్కో ఆఫీసర్‌ని పెట్టుకోలేదని నాకూ తెలుసు. అందుకే పది పదిహేను యూనిట్లకు కలిపి ఒకరిని నియమించమని అడుగుతున్నాను. జీతం యజమానుల సంఘం ద్వారా ఉమ్మడిగా రావాలి. ఒక్క యజమాని చేతి మీదుగా జీతం తీసుకునేవాడు అదే యజమాని యూనిట్లో పని ఆపమనలేడు. పని ఆపించే అధికారాన్ని మాత్రం కాగితం మీద రాసివ్వాలి. అది లేకపోతే మార్చి 4న భద్రతా దినోత్సవం జరపడానికి తప్ప ఆ ఉద్యోగం ఎందుకూ పనికిరాదు.

ఫ్యాక్టరీల శాఖ అధికారులు, గ్రానైట్ యజమానులు ఒకచోట కూర్చుని దీన్ని చీమకుర్తిలోనే మొదలుపెట్టాలని నా విన్నపం. ఆఫీసర్ వచ్చేలోపు ప్రతి స్లాబు స్టాండుకూ రెండు వైపులా స్లాబు ఒరగకుండా ఆపే కడ్డీలు వేయించండి. ఊళ్లోని వెల్డింగ్ షాపులోనే చేసిస్తారు.

ఇట్లు,
ఒక సేఫ్టీ ఆఫీసర్,
చీమకుర్తి మండలం, ప్రకాశం జిల్లా