వెల్డింగ్ వేడికి పాడైన ఉక్కు టార్గెట్ల గురించి ఫిర్యాదు

పాలకొల్లు,
12 ఆగస్టు 2025.

మేనేజర్ గారికి,

ఆర్యా,

మా రైఫిల్ క్లబ్ కోసం గత మే నెలలో మీ సంస్థకు ఆరు ఉక్కు టార్గెట్ ప్లేట్లు ఆర్డరిచ్చి, పూర్తి సొమ్ము ముందే చెల్లించాము. 12 మిల్లీమీటర్ల మందం, 500 బ్రినెల్ గట్టిదనం ఉన్న ఉక్కు వాడాలని, పైభాగాన బోల్టులకు రెండు చదరపు రంధ్రాలు వాటర్‌జెట్‌తో (వేడి పుట్టని అధిక పీడనపు నీటి ధారతో) కోయాలని, వెల్డింగ్ ఎక్కడా చేయకూడదని డ్రాయింగ్ మీదే రాసి పంపాము. వచ్చిన ఆరింటిలో రెండే అలా ఉన్నాయి. తక్కిన నాలుగింటికి రంధ్రాలే లేవు. పై అంచున కొక్కేలు వెల్డింగ్ చేసి ఉన్నాయి.

ఈ రకం ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చడం వల్లే దానికి అంత గట్టిదనం వస్తుంది. ఆ తర్వాత సుమారు 250 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడి తగిలితే ఆ గుణం తగ్గిపోతుంది. భీమవరంలో ఒక వర్క్‌షాపులో గట్టిదనం కొలిపిస్తే ప్లేటు నడుమ 490 బ్రినెల్, కొక్కెం పక్కన 260 వచ్చింది. అంటే మీరు తెచ్చిన ఉక్కు మేలైనదే, పాడయింది మీ షాపులోనే. మంచి సరుకు చేతికి వచ్చాక ఇలా చెడిపోవడం మాకు ఎక్కువ బాధ కలిగించింది.

గత నెల 100 మీటర్ల దూరం నుంచి .315 బోర్ రైఫిల్‌తో కాల్చినప్పుడు, ప్లేటు నడుమ తగిలిన గుండ్లు చిట్లి బూడిద రంగు మరకలు మాత్రమే మిగిల్చాయి, కానీ కొక్కేల దగ్గర తగిలిన మూడు గుండ్లు వేలి కొన పట్టేంత గుంటలు చేశాయి. నునుపైన ఉక్కు మీద గుండు పక్కలకు చెదిరిపోతుంది, గుంటలో పడితే దాని ముక్కలు కాల్చినవారి వైపే తిరిగి రావచ్చు. ప్లేటుకు 20 మీటర్ల ముందు పాతిన కొయ్య గుంజలో గుండు పైనుండే రాగి తొడుగు ముక్క ఒకటి దిగబడి కనిపించింది. .22 రైఫిల్ నేర్చుకునే పిల్లలు 50 మీటర్ల నుంచి ఇవే ప్లేట్లను కాలుస్తారు కాబట్టి ఆ రోజే నాలుగింటినీ దించేశాము.

వేలాడే తీరు కూడా సరిగ్గా లేదు. గుండ్రని తల బోల్టును ముందు నుంచి దూర్చి గొలుసును వెనుక తగిలిస్తే ప్లేటు తనంతట తానే ముందుకు వంగి, ముక్కలను నేలకు కొడుతుంది. పై అంచున కొక్కెం పెట్టడం వల్ల అది నిటారుగా నిలుస్తోంది. గాల్వనైజ్డ్ గొలుసులు అడిగితే మామూలు గొలుసులు పంపారు, ఉప్పుగాలికి అవి అప్పుడే తుప్పు పట్టాయి.

ఫోనులో మీ సిబ్బంది బోల్టు కంటే వెల్డింగే బలమని చెప్పారు. పడవకో, రైస్ మిల్లు హాపర్‌కో ఆ మాట సరిపోతుంది, ఈ ఉక్కుకు మాత్రం సరిపోదు. గుంటలు పూడ్చి పెయింట్ వేసి ఇస్తామన్న ప్రతిపాదనను మేము అంగీకరించము, ఎందుకంటే మళ్లీ వెల్డింగ్ చేస్తే మళ్లీ అంతే మెత్తబడుతుంది.

నాలుగు ప్లేట్లను, గొలుసులను డ్రాయింగ్ ప్రకారం మార్చి, ఉక్కు మిల్లు పరీక్ష పత్రం జతచేసి, రవాణా ఖర్చు మీరే భరించి 15 రోజులలో పంపవలసిందిగా, లేదా ఆ మేరకు సొమ్ము తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. లేనిపక్షంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాము. ఇలాగే కొక్కేలు వెల్డింగ్ చేసిన ప్లేట్లు ఇంకెవరికైనా పంపి ఉంటే, మా సంగతి తేలేదాకా ఆగకుండా, వాటిని కాల్చవద్దని ఈరోజే వారికి తెలియజేయండి.

ఇట్లు,
కార్యదర్శి, రైఫిల్ క్లబ్

జతపరిచినవి: డ్రాయింగ్, రశీదు, గట్టిదనం పరీక్ష ఫలితం, గుంటల ఫోటోలు.