కోర్టు వేలం అయ్యాక కూడా డబ్బు కట్టి ఇల్లు దక్కించుకోడానికి 60 రోజులుంటాయి, ఆ ముక్క ఎవరూ చెప్పరేంటండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ జిల్లా పేజీల్లో కోర్టు వేలం ప్రకటనలు వస్తుంటాయి కదండీ, చిన్న చిన్న అక్షరాల్లో ఈపీ (డిక్రీ అమలు చెయ్యమనే పిటిషన్) నంబరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు... వాటిని నేను రోజూ చదువుతా. నాది కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపు, పొద్దున పేపర్లో పడితే మధ్యాహ్నానికి ఆ ఇంటివాళ్లు కాగితాల కట్ట పట్టుకుని నా దగ్గరికే వస్తారు. ఇన్నేళ్లు చూసి కూడా మా సొంత అక్క ఇంటిదాకా వచ్చేసరికి అసలు ముక్క నాకు తెలీలేదు, అందుకే ఈ ఉత్తరం.

మా బావ ఎవరో ఫ్రెండు అప్పుకి ప్రోనోటు మీద తనూ సంతకం పెట్టాడు. ఆ మనిషి ఎగ్గొట్టాడు, బాకీ కట్టమని కోర్టు డిక్రీ వచ్చి బావ నెత్తిన పడింది, ఈపీ వేశారు, ఇల్లు అటాచ్ (జప్తు) చేశారు, కోర్టు అమీనా వచ్చి దండోరా వేయించి గోడకి నోటీసు అంటించి వెళ్లాడు. నోటీసులో బాకీ 4 లక్షల 80 వేలు, వేలంలో ఇల్లు పోయింది 21 లక్షలకి. బయట 35 పలికే ఇల్లండీ అది. రేటు తక్కువకి పోయింది కాబట్టి వేలమే చెల్లదని పిటిషన్ వెయ్యండి అన్నారు తెలిసినవాళ్లు, వేశాం, వాయిదాలు తిరిగాం, చివరికి కొట్టేశారు. ఊరికే రేటు తక్కువ అంటే చాలదట, వేలం జరిపిన తీరులో పెద్ద తప్పో మోసమో ఉండాలి, దానివల్ల మనకి గట్టి నష్టం జరిగిందనీ చూపించాలట.

అప్పుడు ఒక ప్లీడరు గారి గుమాస్తా కాపీలు తీయించుకుంటూ అన్నాడు, ఏమయ్యా మీరు 89 కింద డబ్బు కట్టేసుంటే పోయేది కదా అని. నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21లో రూల్ 89 అని ఉంది, వేలం జరిగిన రోజు నుంచి 60 రోజుల్లోపు, నోటీసులో రాసిన బాకీ, దాంతోపాటు పాడుకున్నాయన పాట మొత్తం మీద 5 శాతం ఆయనకి పరిహారంగా కోర్టులో డిపాజిట్ చేసి పిటిషన్ పెడితే వేలం రద్దు చేస్తారు. 21 లక్షలు కాదండీ! మా లెక్కలో 4 లక్షల 80 వేలకి ఒక లక్షా 5 వేలు కలిపితే 5 లక్షల 85 వేలు, నోటీసులో రాని వడ్డీ ఖర్చులు ఉంటే అవి వేరే. అక్క గొలుసు, గాజులు అమ్మి, నేనొక రెండు లక్షలు సర్దితే ఇల్లు నిలబడేది. బావే వెయ్యక్కర్లేదు, ఆ ఆస్తిలో హక్కున్న వాళ్లెవరైనా, వాళ్ల తరఫున ఇంకొకరైనా వెయ్యొచ్చు. ఇంకో మెలిక ఏంటంటే వేలం చెల్లదనే పిటిషన్ వేసి ఉంటే దాన్ని వెనక్కి తీసుకుంటే గానీ ఇది నడవదు, మేమేమో దాన్నే పట్టుకుని వేలాడాం. 60 దాటి ఒక్క రోజు ఆలస్యమైనా కారణాలు చెప్పి క్షమించమని అడిగే వీల్లేదు, మిగతా చాలా కేసుల్లో ఉండే ఆ వెసులుబాటు ఇక్కడ లేదు.

ఈ గడువు మీద ఒకప్పుడు చట్టంలోనే గందరగోళం ఉండేది, లిమిటేషన్ యాక్టులో (గడువుల చట్టం) 60 రోజులని, ఆర్డర్ 21లో డిపాజిట్‌కి 30 రోజులని. 2001లో ఆంధ్రా నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి 60 రోజులకే మొగ్గింది, తర్వాత 2002 సవరణతో రూల్లోనూ 60 అని మార్చారు. అంత దూరం వెళ్లి తెచ్చుకున్న 60 రోజులు గోడకంటించిన నోటీసు మీద ఒక లైనుగా కూడా కనపడవు, కనీసం మా అక్క ఇంటి నోటీసులో లేదు, దాని కాపీ ఇప్పటికీ నా షాపులో ఉంది.

బ్యాంకు వేలం కథ వేరే, జనం రెండూ కలిపేసుకుంటున్నారు. సర్ఫేసీ (కోర్టుకి వెళ్లకుండానే బ్యాంకు తాకట్టు ఆస్తి అమ్ముకునే చట్టం) కింద బ్యాంకు వేలం వేస్తే 2016 సవరణ తర్వాత మొత్తం బాకీ వేలం నోటీసు పబ్లిష్ కాకముందే కట్టాలి, కోర్టు వేలానికి 60 రోజులున్నాయి కదా అని దీనికీ కూర్చుంటే ఇల్లు పోతుంది. డెట్రాయిట్ దగ్గరుండే మా మేనల్లుడు చెప్పాడు, అక్కడ మిషిగన్‌లో ఇంటి లోను కట్టలేక షెరిఫ్ వేలం అయిపోయినా చాలా ఇళ్లకి ఆరు నెలలు టైమిస్తారట. మనకి అంత ఇమ్మని నేను అడగట్లేదు, ఉన్న రెండు నెలలన్నా చెప్పండి అంటున్నా.

కొత్త చట్టం అక్కర్లేదు. నోటీసు కింద తెలుగులో, మామూలు మాటల్లో, వేలమైన 60 రోజుల్లోపు ఇంత కడితే ఆస్తి దక్కుతుందని కోర్టు ఆఫీసులో ఒక రబ్బరు స్టాంపు వేయిస్తే చాలు, వేలం తేదీ, కట్టాల్సిన మొత్తం ఇంటివాళ్లకి రాసిస్తే ఇంకా మేలు. న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు లోక్ అదాలత్‌కి బోలెడు కరపత్రాలు పంచుతారు, నేను వందల్లో కాపీలు తీశా, ఈ విషయం మీద మాత్రం ఒక్కటీ చూళ్లేదు. మీరు కూడా ఆ ప్రకటనలకి డబ్బులు తీసుకునే వేస్తున్నారు కదా ఎడిటర్ గారూ, ఆ పేజీలో ఒక మూల అగ్గిపెట్టంత బాక్సులో ఈ నాలుగు ముక్కలు వెయ్యండి. చదివినవాళ్లకి నేను నా షాపులో ఉచితంగా కాపీ తీసిస్తా.

ఇట్లు,
కోర్టు ఎదురు జిరాక్స్ షాపు నుంచి మీ పాఠకుడు,
పల్నాడు జిల్లా